తొక్కలో దాగిన పరిమళం

మా ఇంట్లో చేపలు వేయించే రోజు చెత్తబుట్ట పక్కన ఒక చిన్న గిన్నె పెడతాను. పిండేసిన నిమ్మ డిప్పలు, కమలా తొక్కలు, టీకి వాడగా మిగిలిన ఏలకుల పొట్టు, అల్లం చెక్కు అందులో చేరతాయి. వంటయ్యాక వాటిని నీళ్లలో వేసి సన్నటి సెగ మీద పెడితే ఇల్లంతా కమ్మటి వాసన. చాలామంది దీన్ని నీచు వాసన కప్పేసే చిట్కా అంటారు. ఆ మాట నాకు నచ్చదు. నీచు పోవడానికి కిటికీలు తెరిస్తే చాలు. నా లెక్క వేరు. కమలా పండు పరిమళం చాలావరకు తొక్కలోని నూనె తిత్తుల్లోనే ఉంటుంది. ఆ నూనెలో 90 శాతానికి పైగా లిమోనీన్ అనే పదార్థమే. తొనలు తినేసి, అంత పరిమళాన్ని రోజూ బుట్టపాలు చేస్తున్నాం. ఆవిరి దాన్ని తన వెంట గదిలోకి తెస్తుంది. కుతకుత ఉడికిస్తే తొందరగా ఎగిరిపోతుంది, అందుకే సిమ్‌లో పెట్టాలి. ఇందుకోసం కొత్త దాల్చినచెక్క విరిచి వేయడం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది, దాని చోటు కూరలో. బజారు స్ప్రే ఎవరింట్లో కొట్టినా ఒకటే వాసన. ఈ గిన్నెలో ఆ రోజు మనం తిన్నదే ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త: నీళ్లు ఇగిరిపోతే గిన్నె మాడుతుంది, పొయ్యి దగ్గరే ఉండండి.