రొట్టెకుండ నేర్పు పాఠము

పిరమిడ్లనుగూర్చి పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయుడు వాని యెత్తును, కట్టించిన రాజుల పేర్లను చెప్పును. ఖూఫూ పిరమిడు తొలుత సుమారు 146 మీటర్ల యెత్తుండెనని విద్యార్థి వల్లెవేయును. ఆ రాళ్లను లాగినవారు ఏమి తిని పనికి వచ్చిరని అడుగు బాలుడు అరుదు. అడిగినచో, సమాధానమునకై రాజుల కథలను విడిచి మట్టిపెంకులను వెదకవలసియుండును.

1991లో పురావస్తు పరిశోధకుడు మార్క్ లేనర్ గీజావద్ద రొట్టెలు కాల్చు శాలలు రెంటిని త్రవ్వి వెలికితీసెను. అవి సుమారు 4,500 ఏండ్లనాటివి. అచట గంట యాకారముగల ముతక కుండల పెంకులు విస్తారముగా దొరకినవి. సారె లేకయే చేతితో మలచిన కుండలవి. వానిని వాడిన విధము సక్కారాలో 'తీ' యను అధికారి సమాధి గోడలపై చెక్కబడియున్నది. ఖాళీ కుండలను మంటపై పేర్చి కాచెడివారు. నిప్పులు నింపిన గుంటలలో నిలిపి పిండి పోసెడివారు. వేరొక కుండను మూతగా బోర్లించెడివారు. పొయ్యియు, పాత్రయు, మూతయు కుండయే! దళసరి గోడ వేడిని పట్టియుంచి మెల్లగా విడుచుటచే రొట్టె లోపలివరకు కాలును.

ఆ కుండ మోటుగా నుండుట చేతగానితనము కాదు. నైలునది ఒండ్రులో గడ్డివంటి ముతక పదార్థములు కలిపినందున గోడ గుల్లబారి, వేడికి సులభముగా పగులదు. తెలుగు కుమ్మరి మట్టిలో ఇసుకయు బూడిదయు చేర్చి త్రొక్కుటలోని మర్మమును ఇట్టిదే. ఈ విజ్ఞానము గ్రంథములనుండి రాలేదు. చేతినుండి చేతికి దిగివచ్చినది.

1993లో లేనర్ బృందము అట్టి శాలనే మరల కట్టి, అట్టి కుండలలోనే రొట్టెలు కాల్చి చూచెను. పండితులే మట్టిని, నిప్పును ఆశ్రయించి చరిత్ర నేర్చుకొనుచుండగా, విద్యార్థికి మాత్రము వట్టి పుటలు చాలునా? చేతిపని కేంద్రముగా విద్య సాగవలెనని 1937లో వార్ధా సభలో గాంధీజీ కోరెను. ఆ మాట పాఠ్యపుస్తకములలో నిలిచినది, బడులలో నిలువలేదు.

పరీక్షలకు కాలము చాలదని కొందరనవచ్చును. అది కాదనరాని చిక్కే. కాని కుమ్మరిని ఒక్కపూట బడికి పిలిచి, పిల్లలచేత మట్టి త్రొక్కించినచో, వేడిమి, వ్యాకోచము, చరిత్ర, శ్రమగౌరవము అను నాలుగు పాఠములు ఒక్క కుండలో ఇమిడిపోవును. నాడు అతడు అతిథి కాదు, గురువు.

ఈజిప్టు కుమ్మరి మరణించినాడు. అతని విద్యను పెంకులనుండి ఏరుకొనవలసివచ్చినది. తెలుగునాట సారె త్రిప్పు కుమ్మరి ఇంకను జీవించియున్నాడు. అతనిని అడిగిన చాలును. అడుగుటకు ఆలసించినచో, రేపటి పిల్లలకు మిగులునవి పెంకులే.