కీబోర్డు పోయిన కంప్యూటరు

వార్షిక సంచికలో తెలుగు ఉపన్యాసకుడు కంప్యూటరును గూర్చి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. ఛందస్సును గూర్చియో, ప్రబంధాలను గూర్చియో వ్రాయవలసిన వారికి ఈ యంత్రాల గొడవ ఎందుకని మా సహోపాధ్యాయులే అడిగారు. ఈ గొడవ మేము కోరి తెచ్చుకొన్నది కాదు. మన రెండు భాషలకూ సంబంధించిన ఒక పని ఆ యంత్రం లోపల చిక్కుకొని ఉండినది. దాని తలుపు తెరిచే సాధనాన్ని మన కళాశాల చేతులారా పోగొట్టుకొన్నది. ఈ విషయంలో మా అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాము.

భౌతికశాస్త్ర ప్రయోగశాల వెనుకనున్న సామాను గదిలో ఒక పాత కంప్యూటరు ఉన్నది. 1989లో కొన్నట్లు స్టాకు రిజిస్టరు చెబుతున్నది. ఐ.బి.ఎం. సంస్థ 1983లో విడుదల చేసిన ఎక్స్.టి. నమూనాను అనుసరించి మన దేశంలో కూర్చిన యంత్రమది. 640 కిలోబైట్ల మెమరీ, 20 మెగాబైట్ల హార్డ్ డిస్కు. నేటి విద్యార్థి ఫోనులో తీసిన ఫొటోలు అందులో అయిదారుకు మించి పట్టవు.

ఆ రోజులలో ఇక్కడ తెలుగు బోధించిన పెద్దాయన ఒకరు సాయంత్రం తరగతులు ముగిసిన పిమ్మట ఆ యంత్రం ముందు కూర్చుని ఒక పదకోశాన్ని కూర్చారు. తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, పారసీ, అరబ్బీ మాటల కోశమది. అర్జీ, రసీదు, వకాల్తా, జమాబందీ వంటి కచేరీ మాటలు నిఘంటువులలో ఎప్పుడో చేరినవి. ఆయన పట్టుకొన్నవి అవి కావు. దర్జీల దుకాణాలలో, బండ్ల మరమ్మతు షెడ్లలో, తోళ్ళ మండీలలో, పెళ్ళి వంటల దగ్గర మనుషుల నోళ్ళలో నలిగే మాటలు. మాట, అర్థం, వాడే వృత్తి, విన్న ఊరు, ఇవన్నీ వరుసగా వ్రాసుకొన్నారట. యంత్రంలో తెలుగు లిపి లేదు, ఉర్దూ లిపి లేదు. అందుచేత రెండు భాషలనూ ఇంగ్లీషు అక్షరాలలోనే, తాము ఏర్పరచుకొన్న గుర్తులతో వ్రాశారు. భారతీయ లిపులకు ఐ.ఎస్. 13194 అనే ప్రమాణం 1991లో ఏర్పడినప్పుడు కూడా అందులో తెలుగుకు చోటు దక్కింది గాని ఉర్దూ లిపిని వేరుగా చూడవలెనని విడిచిపెట్టారు. రెండూ పక్కపక్కన కావలసిన మనిషికి ఇంగ్లీషు అక్షరాలే గతి అయినవి.

కోశం అచ్చు కాకముందే ఆయన కాలం చేశారు. మాకు దొరికినవి ప్రింటరు కాగితాలు పదకొండు. రిబ్బను సిరా వెలిసిపోయినది. పుటల సంఖ్యలు మాత్రం చదవవచ్చు: 62 నుండి 72 వరకు. అనగా వాటికి ముందు 61 పుటలు ఉండి తీరవలెను గదా! అవి ఎక్కడ ఉన్నవో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

గత విద్యాసంవత్సరంలో భౌతికశాస్త్ర ఉపన్యాసకుల సాయంతో యంత్రాన్ని దుమ్ము దులిపి, విద్యుత్తు సరఫరా భాగాన్ని పరీక్షించి, స్విచ్చి వేశాము. పంకా తిరిగింది. డిస్కు గరగరలాడింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు కూడా వచ్చినవి. కాని అవి చెప్పినది కీబోర్డు ఎర్రరు అని. కీబోర్డు ఏదీ అని అటెండరును అడిగితే "ఓ తో కబ్‌కా కబాడ్ మే గయా, సాబ్" అన్నాడు. రిజిస్టరు తిప్పితే అతని మాటే నిజమని తేలింది. కంప్యూటరుకు ఒక నంబరు, కీబోర్డుకు మరొక నంబరు వేసి ఉన్నారు. ఎప్పుడో విరిగిన కుర్చీలతో, పనికిరాని ఫ్యానులతో కలిపి చిల్లర సామాను వేలం వేసినప్పుడు ఆ రెండవ నంబరు కొట్టివేయబడింది. ఆ వేలంలో వచ్చిన సొమ్ము ఎంతో చూశాము. ఇక్కడ వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది.

డిస్కును ఊడదీసి కొత్త కంప్యూటరుకు తగిలించరాదా అని పలువురు అడిగారు. ఆ కాలపు డిస్కు తనంతట తాను మాట్లాడదు. దాని పక్కన వేరొక కార్డు ఉండి నడిపిస్తుంది. ఆ కార్డు పట్టే గాడి నేటి యంత్రాలలో లేదు. కనుక ఆ డిస్కును చదవవలెనంటే ఆ యంత్రమే నడవవలెను, ఆ యంత్రానికి ఆజ్ఞ ఇవ్వవలెనంటే కీబోర్డు ఉండవలెను.

మొదట సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళాము. ఒక దుకాణదారు పై అర నుండి పాత పెట్టె దించి, గుండ్రని అయిదు సూదుల ప్లగ్గు ఉన్న కీబోర్డు తీసి ఇచ్చాడు. పిన్ను సరిపోతే చాలునన్నాడు. ఇంటికి చేరేవరకు మేమూ అదే నమ్మాము. ప్లగ్గు చక్కగా కూర్చున్నది. యంత్రం మాత్రం ఉలకలేదు, పలకలేదు.

కారణం తెలుసుకొనడానికి మాకు రెండు వారాలు పట్టింది. తెలుసుకొన్న పిమ్మట, ఇది భాషాశాస్త్రంలో పాఠంగా చెప్పదగినదే అనిపించింది. కీబోర్డు అక్షరాన్ని పంపదు. ఏ మీట నొక్కబడిందో ఆ మీట సంఖ్యను పంపుతుంది. సంఖ్యను అక్షరంగా మార్చుకొనడం యంత్రం పని. (అందుకే ఇంగ్లీషు మీటల మీదనే తెలుగూ, ఉర్దూ వ్రాయగలుగుతున్నాము.) ఐ.బి.ఎం. 1981లో తెచ్చిన తొలి పి.సి.కి 83 మీటలు. ఎక్స్.టి.ది కూడా అదే పద్ధతి. 1984లో ఎ.టి. అనే నమూనా వచ్చినప్పుడు ప్లగ్గును మార్చలేదు గాని సంఖ్యలను మార్చివేశారు. పాత పద్ధతిలో ఏ అనే అక్షరపు మీట నొక్కితే 30, వదిలితే దానికి 128 కలిపి 158. కొత్త పద్ధతిలో అదే మీటకు 28, వదిలినప్పుడు 240, దాని వెంట మరల 28. ఇందులో తమాషా ఏమనగా, పాత యంత్రానికి 28 అంటే ఎంటర్ మీట! "రాత" అని ఒకరు పలికితే తెలుగువాడికి వ్రాత అని, ఉర్దూవాడికి రాత్రి అని తోచినట్లున్నది ఈ వ్యవహారం. అసలు సంగతి అంతవరకు కూడా పోదు. పాత కీబోర్డు ఒక ప్రారంభ గుర్తు, ఎనిమిది బిట్ల సంఖ్య పంపి ఊరుకొంటుంది. కొత్తది పదకొండు బిట్ల పొట్లం పంపుతుంది, పైగా యంత్రం నుండి ఎదురు ఆజ్ఞలు కూడా ఆశిస్తుంది. పాత యంత్రం వినడమే గాని కీబోర్డుకు ఎదురు ఆజ్ఞలు పంపి ఎరుగదు. ప్లగ్గు కలిసినంత మాత్రాన మాట కలవలేదన్నమాట.

1987లో వచ్చిన చిన్న గుండ్రని ప్లగ్గు మాట తీరులో ఎ.టి. పద్ధతిదే. దానికి వట్టి ప్లగ్గు మార్చే తొడుగు వేసినా ఎక్స్.టి.కి పనికిరాదు. నేటి యు.ఎస్.బి. కీబోర్డుల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఆ రెండు కాలాల సంధిలో కొందరు తయారీదారులు కీబోర్డు అడుగున ఒక చిన్న మీట పెట్టి, ఎక్స్ వైపు జరిపితే పాత భాష, ఏ వైపు జరిపితే కొత్త భాష మాట్లాడే ఏర్పాటు చేశారు. అటువంటిది కావలెనని జుమేరాత్ బజారులో రెండు గురువారాలు, ఎర్రగడ్డలో నాలుగు ఆదివారాలు తిరిగాము. తెలుగు మాస్టారు పాత ఇనుము కొట్ల దగ్గర బోర్లా తిప్పి చూచుకొంటున్నాడని ఊరంతా తెలిసింది. చివరకు ఎర్రగడ్డలో, మిక్సీ గిన్నెల కుప్ప క్రింద ఒకటి దొరికింది. అడుగున ఆ మీట ఉన్నది! తెచ్చి తగిలిస్తే యంత్రం ఎర్రరు చెప్పడం మానివేసింది. ఆ సంతోషం అరగంట కూడా నిలువలేదు. సగం మీటలు మూగవి. విప్పి చూస్తే ప్రతి మీట క్రింద స్పాంజి బిళ్ళ, దానికి అంటించిన లోహపు రేకు పొర. ముప్పయి ఏళ్ళకు పైబడిన స్పాంజి వేలు తగలగానే పొడి అయి రాలింది. దుకాణంలో పెట్టెలో భద్రంగా ఉన్నా ఈ రకానికి అదే గతి. స్పాంజికి కాలమే శత్రువు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. విదేశాలలో అసలైన ఐ.బి.ఎం. కీబోర్డులు ఇప్పటికీ దొరకుతున్నవి. వాటి లోపల వంగే స్ప్రింగు ఉంటుంది, నొక్కితే టక్కుమంటుంది. ఆ టక్కు కోసం పాత కీబోర్డులను కొని, ఒక మార్పిడి పరికరంతో కొత్త కంప్యూటర్లకు తగిలించుకొనే అభిరుచిగలవారు అనేకులు. వారిని మేము తప్పుపట్టము, మంచి వస్తువును వాడుకలో ఉంచుతున్నారు గదా. కాని ఒక్కొక్క కీబోర్డు అలా వెళ్ళిపోయినప్పుడు దాని జత యంత్రం ఒకటి ఎక్కడో నోరు లేనిదవుతున్నది. ధరలు కూడా మన వంటి కళాశాలకు అందనివి. ఒక కీబోర్డు వెల, దాని రవాణా, సుంకం కలిపితే ప్రయోగశాలకు ఒక వాడిన కంప్యూటరు వస్తుంది. కమిటీని ఆ సొమ్ము అడగడానికి మాకు మనసు ఒప్పలేదు.

దారి చూపినవారు బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థినులు ఇద్దరు. "సార్, కీబోర్డును మార్చడం దేనికి? మధ్యలో దుబాసీని పెడితే పోదా?" అన్నారు. బొటనవ్రేలంత మైక్రోకంట్రోలరు పలక ఒకటి కొన్నారు. మన ప్రయోగశాల మూలన పడివున్న పి.ఎస్.-2 కీబోర్డు పంపే సంఖ్యను ఆ పలక ఒక వైపున విని, పాత సంఖ్యగా మార్చి, రెండవ వైపున యంత్రానికి చెబుతుంది. అయిదు సూదులలో గడియారపు సంకేతానికి ఒకటి, సమాచారానికి ఒకటి, భూమికి ఒకటి, అయిదు వోల్టులకు ఒకటి. అయిదవది మా యంత్రానికి అక్కర పడలేదు. రంజాన్ సెలవులలో మొదలుపెట్టి, పరీక్షలకు ముందు ముగించారు. ఖర్చు కొన్ని వందల రూపాయలు. అందులో మా ఇంట్లో వారు వెళ్ళినప్పుడల్లా వారికిచ్చిన చాయ్ లెక్క చేరలేదు.

ఇక మా అభిప్రాయం. చచ్చిన యంత్రం మీద శ్రమ ఎందుకు, తరగతి గదులలో బల్లలు చాలక విద్యార్థులు నిలబడుతుంటే, అని కమిటీలో ఒక పెద్దలు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉన్నది. పాతదైన ప్రతి వస్తువునూ దాచిపెట్టమని మేము కోరడం లేదు. మ్యూజియం అడగడం లేదు. మేము అడిగేది చాలా కొంచెం. కంప్యూటరుకూ, దాని కీబోర్డుకూ, తీగలకూ రిజిస్టరులో ఒకే నంబరు ఉండవలెను. వేలానికి ముందు, లోపల ఎవరి పని ఉన్నదో ఆ శాఖవారిని ఒక్కసారి అడగవలెను. స్టాకు రిజిస్టరులో వస్తువు వెల వ్రాస్తున్నాము గాని అందులో దాగిన పని వ్రాయడానికి గడి లేదు. ఆ గడి గీయడానికి స్కేలు, పెన్సిలు చాలును. మరమ్మతు చేయించే సొమ్ము లేదంటారు గాని, మరమ్మతు చేయగల చేతులు మన తరగతులలోనే కూర్చున్నవని ఈ ఇద్దరు అమ్మాయిలు చూపించారు. వారి పనికి మార్కులు ఇచ్చే పద్ధతి మన పాఠ్యక్రమంలో లేదు. ప్రయోగ పరీక్షకు ఇచ్చే మార్కులలో ఈ పనిని లెక్కించవలెనని మేము కమిటీకి వేరుగా వ్రాసియున్నాము, జవాబు రావలసి ఉన్నది.

యంత్రం తెరుచుకొన్న రోజున తెర మీద ఫైళ్ళ పేర్లు వరుసగా నిలిచినవి. మొదటిదాన్ని చూపమని ఆజ్ఞ ఇస్తే మాటలు పరుగెత్తినవి, కాని ప్రతి మాట చివరి అక్షరం చెడి ఉన్నది. చివరి "ఐ" బదులు గ్రీకు అక్షరం వంటిది, చివరి "ఏ" బదులు ఇంకొకటి. తెలుగు అజంత భాష అని మేము ఏటా పాఠం చెబుతాము, తీరా ఆ అచ్చులే మాయమయినవి! పెద్దాయన వాడినది వర్డ్‌స్టార్. ఆ కాలపు వర్డ్‌స్టార్ ప్రతి మాట చివరి అక్షరంలో ఎనిమిదవ బిట్టును తన లెక్కల కోసం వాడుకొనేదట. "సీరియల్ తీగ మీద ఏడు బిట్లే పంపుదాం సార్, ఎనిమిదవది దానంతటదే రాలిపోతుంది" అన్నది చిన్నమ్మాయి. అట్లే పంపారు. మా కొత్త కంప్యూటరు మీదికి మాటలు అచ్చులతో సహా చేరినవి.

కోశం ఇప్పటికి "ల" అక్షరం వరకు వచ్చి ఆగింది. తరువాతి భాగం ఆ డిస్కులో లేదు. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీల మీద ఆయన కొంత పని ఇంటికి తీసుకొని వెళ్ళేవారని పాత విద్యార్థులు చెబుతున్నారు. నల్లని, చదరపు, వంగే ఫ్లాపీలు ఎవరి ఇంటనైనా అటక మీద ఉన్నట్లయితే, దయచేసి మడవకుండా, సైకిలు క్యారియరుకు కట్టకుండా, తెలుగు శాఖకు తెచ్చి ఇవ్వవలసినదిగా కోరుతున్నాము. అచ్చులను తిరిగి సరిచూచే పని ఉర్దూ శాఖ విద్యార్థులతో కలిసి శనివారాలలో జరుగుతున్నది. దక్కనీ మాట వినగానే గుర్తుపట్టగలవారు ఎవరైనా వచ్చి కూర్చుండవచ్చును.