లైటింగ్ అదిరింది, అయితే?

ఫొటోగ్రఫీ డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు సొంత ప్రాజెక్టు చూపించి ‘ఎలా ఉందో చెప్పండి’ అంటారు. మనం ‘సూపర్, లైటింగ్ అదిరింది’ అంటాం. నన్నడిగితే అది వాళ్ళని చిన్నచూపు చూడటమే. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఏళ్ళ తరబడి చదివినవాళ్ళకి లైటింగ్ గురించి మనం చెప్పేదేముంది?

ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారునే తీసుకోండి. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్, ముడతల ముఖంతో ముసలాయన, బ్లాక్ అండ్ వైట్. వెనకున్న పుస్తకాలన్నీ బ్లర్. ఆ పుస్తకాలు ఆయనకి ఎక్కడ దొరికాయి, వానొస్తే ఏం కప్పుతాడు, సోమవారం షట్టర్లు లేచాక ఎక్కడికి పోతాడు? ఒక్కదానికీ జవాబుండదు. నాంపల్లి స్టేషన్ బయట నిద్రపోయే కూలీ సంగతీ ఇంతే. ఎండ పడటానికి ఓ చోటు, అంతే.

రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు. దర్బారుని దర్జాగా చూపించడం ఆయన ఉద్యోగం. (ఆ పని గొప్పగా చేశాడు కూడా.) ఈ పిల్లలకి ఆ నౌకరీ లేదు కదా, మరి పేదరికానికి ఈ దర్జా ఎవరి కోసం?

మమ్మల్ని అడిగేముందు ప్రింట్లు పట్టుకెళ్ళి ఆ ముసలాయనకే చూపించండి. ‘నా కితాబులే కనవడ్తలేవు గద బిడ్డా’ అంటాడేమో. అంటే, వచ్చే ఆదివారం మళ్ళీ తీయండి.