కోఠీ స్తంభము, నిర్మల్ మర్రి

అమెరికా స్వాతంత్ర్య సమరమున పోరాడిన యూదుల పేర్లను ఆ దేశమువారు శిలలపై చెక్కించుకొనిరి. సవానా నగరమున 1735లో జన్మించిన మొర్డెకై షెఫ్టాల్ ఆ సేనలకు ఆహారసామగ్రి సమకూర్చు అధికారియై, 1778 డిసెంబరులో కుమారునితోకూడ శత్రువులకు బందీయయ్యెను. 1776 ఆగష్టు 1వ తేదీన నేలకొరగిన ఫ్రాన్సిస్ సాల్వడార్‌నకు చార్లెస్టన్ నగరమున 1950లో ఫలకము నిలిపిరి. యూదులచ్చట అత్యల్పసంఖ్యాకులు. అయినను అది వారిపై చూపిన దయ కాదు. ఒక వర్గము మరియొక వర్గమును సహించుట యను మాటయే తగదనియు, హక్కు అందరికిని సహజమనియు 1790లో జార్జి వాషింగ్టన్ న్యూపోర్టు యూదులకు వ్రాసియున్నాడు.

బొగ్గుగనుల నడుమ గోదావరిఖనిలో ఈ ప్రసంగమేల యని పాఠకులడుగవచ్చును. మనకును అట్టి శిల యొకటి కలదు. హైదరాబాదు కోఠీలో బస్సులాగు చోట 1857 వీరుల స్మారకస్తంభమున్నది. రామగుండమున రైలెక్కి ఆసుపత్రులకో కచ్చేరీలకో పోవు మనవారెందరో దాని ప్రక్కగా నడచుచుందురు. తలయెత్తి చూచువారరుదు.

ఆ కథ యిది. ఔరంగాబాదు వైపు దళములనుండి తిరుగబడి వచ్చిన జమాదారు చీదాఖాను 1857లో నగరమున శరణుజొచ్చెను. దివాను సాలార్‌జంగు ఆయనను పట్టి బ్రిటిషు రెసిడెంటు డేవిడ్సనునకు అప్పగించెను. బందీలను విడిపింపవలెనని జులై 17వ తేదీన రోహిల్లా నాయకుడు తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అలావుద్దీను సుమారు 500 మందితో రెసిడెన్సీపై బడిరి. అబ్బన్ సాహెబు, జయగోపాలదాసు అనువారి మేడలనెక్కి తుపాకులు కాల్చిరి. ఫిరంగులకెదురుగా అవి ఎంతసేపు నిలుచును? తెల్లవారులోపల పోరు ముగిసెను. తుర్రేబాజ్ పట్టుబడెను; మౌల్వీ జాడ యెంత యడిగినను నోరు విప్పలేదు. ద్వీపాంతరవాసము విధింపగా 1859 జనవరి 18న చెర తప్పించుకొనెను. తలకు 5,000 రూపాయల వెల గట్టిరి. ఆరుదినములకే తూప్రాను చెంత చంపి, శవమును నగరమున బహిరంగముగ వ్రేలాడదీసిరి. మౌల్వీ అండమానులోనే కన్నుమూసెను.

పట్టియిచ్చిన దివాను వంశము పేరు మ్యూజియము మూలమున లోకమంతట తెలిసినది. ముట్టడికి గురియైన రెసిడెన్సీ భవనమునకు జీర్ణోద్ధరణమైనది. అదియు కావలసినదే; మేము కాదనము. కాని ముట్టడించినవాని మాటయేమి?

రోహిల్లాలు కూలికి పోరాడు సిపాయిలే గదా యని పెదవి విరచువారు కలరు. ఆ రాత్రి ఫిరంగుల యెదుట నిలిచినందుకు వారికెవ్వరు కూలి యిచ్చిరో వీరు చెప్పవలెను. 5,000 రూపాయలు ఎదుటిపక్షమున నుండినవి.

ఇక గోదావరి కావలి ఒడ్డున, అదే సమరమున, రాంజీ గోండు వెంట గోండులును రోహిల్లాలును భుజము కలిపి పోరాడి, 1860లో నిర్మల్‌లో ఉరికెక్కిరి. వారిని వ్రేలాడదీసిన చెట్టును జనులు వెయ్యి ఉరుల మర్రి యనిరి. ఆ చెట్టు కూలినది. నేడు నిర్మల్ అనగా రాంజీ పేరు, కోఠీ యనగా తుర్రేబాజ్ పేరు. గోండును గోండులకును, రోహిల్లాను ముసల్మానులకును పంచియిచ్చి మనము చేతులు దులుపుకొనుచున్నాము. ఒకే కొమ్మకు వ్రేలాడినవారిని విడదీయుటకు మనకేమి అధికారము కలదు?

1871లో ఇల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించిన విలియం కింగు పేరు ‘కింగ్ సీమ్’ అని గనులలో నేటికిని పలుకబడుచున్నది. మాకసూయ లేదు, కనుగొన్నవాడతడే. నోట నానినందున ఆ పేరు శిల లేకయే నిలిచినది. నోట నానని పేర్లకే శిల కావలెను.

కోఠీ స్తంభమున రాంజీ పేరును, నిర్మల్ స్మారకమున తుర్రేబాజ్, అలావుద్దీనుల పేర్లును, తేదీలతో, తెలుగు, ఉర్దూ, గోండీ భాషలలో చెక్కవలెను. గోండుల సీమయైన బెల్లంపల్లి, మందమర్రులలో తరములుగా బొగ్గు త్రవ్విన సింగరేణి సంస్థ మూడవ ఫలకమును గోదావరిఖని చౌరస్తాలో నిలుపవలెను. ఖర్చు ఒకటిరెండు వ్యాగనుల బొగ్గు ధరను మించదు. 2027 జులై 17వ తేదీకి ఆ ముట్టడి జరిగి 170 ఏండ్లు నిండును. అంతలోపల శిల్పిని పిలిపింపుడు.