ఆర్నెల్ల తర్వాత బిడ్డ ఎవరి చేతుల్లో?

ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఎన్నో ఏళ్లుగా అడిగితే వచ్చిన హక్కు అది. సామాజిక భద్రతా స్మృతిలోనూ దాన్ని అలాగే ఉంచారు. కానీ ఆ 26 వారాలు ఒక తల్లికి ఎలా కరిగిపోతాయో లెక్క వేయండి. కాళ్లవాపుతో, నడుంనొప్పితో బస్సెక్కలేక కాన్పుకు 8 వారాల ముందే సెలవు పెట్టిందనుకుందాం. మిగిలేవి 18 వారాలు. బిడ్డకు నాలుగు నెలలు నిండీ నిండకముందే ఆఫీసుకు వెళ్లాలి. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని చెప్పే బోర్డు ప్రతి ప్రసూతి ఆస్పత్రి గోడ మీదా ఉంటుంది. చట్టం చెప్పేదానికీ, డాక్టరు చెప్పేదానికీ పొంతన కుదర్చడం మాత్రం ఆమెకే వదిలేశాం.

ఆ తల్లి రోజు ఎలా ఉంటుందో ఆమెతో కలిసి పనిచేసేవాళ్లలో చాలామందికి తెలియదు. తెల్లవారుజామునే లేచి పాలు పిండి, చిన్న సీసాల్లో పోసి, మూత మీద టైం రాసి ఫ్రిజ్‌లో పెడుతుంది. మధ్యాహ్నం మీటింగు మధ్యలో పాలు చేపుకొస్తాయి. జాకెట్టు తడిసిందేమోనని చున్నీ సర్దుకుంటుంది. పిండుకోవడానికి తలుపు వేసుకునే గది ఉండదు, బాత్రూమే దిక్కు. అక్కడ పిండిన పాలను బిడ్డకు పట్టడానికి మనసొప్పక పారబోస్తుంది. ‘ఉద్యోగం, ఇల్లు సమన్వయం చేసుకోవాలి’ అని సలహా ఇచ్చేవాళ్లు ముందు ఈ పారబోసిన పాల సంగతి ఆలోచించాలి. టైం టేబుల్ ఎంత బాగా వేసుకున్నా తీరే కష్టం కాదిది.

మరి ఇంటి దగ్గర బిడ్డను ఎవరు చూస్తున్నారు? చాలా ఇళ్లలో అమ్మమ్మో, నాయనమ్మో. తొలికాన్పుకు కూతుర్ని పుట్టింటికి తీసుకొచ్చి, అయిదో నెల దాకా ఉంచుకుని, సారెతో అత్తారింటికి పంపడం మన ఆచారం. ఇప్పుడు అమ్మమ్మే బట్టలు సర్దుకుని మియాపూర్‌కో, కూకట్‌పల్లికో బయల్దేరుతోంది. ఊళ్లో భర్త ఒక్కడే వండుకుంటాడు, పాడి అమ్మేస్తారు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న కూతురైతే ఆర్నెల్లు ఈమె, ఈమె అక్కడ ఉండే గడువు తీరేసరికి వియ్యపురాలు. తెలుగువాళ్ల ఉద్యోగాలు ఇంతలా నిలబడటంలో ఈ పెద్దవాళ్ల జీతంలేని చాకిరీకి ఉన్న వాటాను మనం ఒప్పుకోలేదు. మోకాళ్ల నొప్పులతో, బీపీ మాత్రలతో అరవై ఏళ్ల మనిషి మళ్లీ పసిబిడ్డ వెంట పరుగెత్తడాన్ని ప్రేమ అనేసి ఊరుకుంటున్నాం. ప్రేమే, కాదనను. కానీ ఒక దేశం తన శిశుసంరక్షణను అమ్మమ్మల ఓపిక మీద వదిలేయకూడదు. అమ్మమ్మ లేని ఇంట్లో, రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో, ఆ పని బడి మానేసిన పెద్దకూతురిది అవుతుంది.

తండ్రులు? 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు చేస్తుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారు. ఇందులో చట్టం పాత్ర కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పితృత్వ సెలవు 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి కంపెనీ దయ. 50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలో శిశుసంరక్షణ గది పెట్టాలన్నారు, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు ఇచ్చారు. ఆ హక్కు తల్లికే. అదే ఆవరణలో పనిచేసే తండ్రి ఆ గదికి వెళ్లాలంటే మేనేజరు ఒప్పుకోవాలి.

ఇంకో లోపం దీనికంటే లోతైనది. ఈఎస్‌ఐ పరిధిలోకి వచ్చే, అంటే నెలకు రూ.21,000 లోపు జీతమున్న మహిళలకు ప్రసూతి భత్యం ఆ నిధి నుంచి వస్తుంది. ఆపైన జీతమున్నవాళ్లకు మొత్తం యజమానే భరించాలి. ఇంటర్వ్యూలో ‘పెళ్లయిందా, పిల్లల సంగతేమిటి’ అన్న ప్రశ్న పుట్టేది ఇక్కడే. ప్రసూతి ఖర్చును ఏ ఒక్క యజమాని మీదా వేయకుండా బీమా ద్వారానో, ప్రభుత్వ నిధి ద్వారానో సమాజమంతా పంచుకోవాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి 183వ ఒడంబడికలో చెప్పింది. మనం యజమాని నెత్తినే పెట్టాం. దాని ఫలితాన్ని ఉద్యోగం దొరకని ఆడపిల్ల అనుభవిస్తోంది.

పరిష్కారానికి కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. 1975లో మొదలైన ఐసీడీఎస్ పుణ్యమా అని దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్నాయి. అయితే మూడేళ్లలోపు బిడ్డకు మన దగ్గర అవి ఇచ్చేది బాలామృతం ప్యాకెట్టు. దాన్ని ఇంటికి తీసుకెళ్లాలి, బిడ్డను అక్కడ ఉంచుకోరు. ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీల్లోనే శిశుసంరక్షణ కేంద్రాలు పెడతామన్నారు. లక్ష్యం 17,000. కాలనీకి ఒకటి, పెద్ద ఊరికి ఒకటి ఉండి, సాయంత్రం ఆరున్నర దాకా తెరిచి ఉంటే ఎంతమంది తల్లుల ఉద్యోగాలు నిలబడేవి!

అయితే ఆ గంటలు పెంచేముందు అక్కడ పనిచేసేవాళ్ల మొహం చూడాలి. 2023 డిసెంబరులో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి వాళ్లకిచ్చేది నెలకు రూ.11,500. దాని పేరు జీతం కూడా కాదు, గౌరవ వేతనం. వాళ్లూ ఇంట్లో బిడ్డను వదిలి వచ్చిన తల్లులే. ఇంకో మనిషిని నియమించకుండా, జీతం పెంచకుండా అదే కార్యకర్తకు పసిపిల్లల ఉయ్యాలలు కూడా అప్పగిస్తే, ఒక తల్లి బరువు తీసి ఇంకో తల్లి నెత్తిన పెట్టినట్టే. అందుకే పాల్నా బడ్జెట్‌లో మొదట పెట్టాల్సింది కేంద్రానికి ఇద్దరు అదనపు ఆయాలు, వాళ్లకు కనీస వేతనం.