యంత్రములు కొన్నంతనే చాలునా?

2025 మే 8వ తేదీ రాత్రి పాకిస్తాను మన పశ్చిమ సరిహద్దున 36 చోట్లకు 300 మొదలు 400 వఱకు డ్రోనులను పంపెననియు, మనవారు వానిలో ననేకములను గుండ్లతో కొన్నింటిని, తరంగ నిరోధముతో కొన్నింటిని కూల్చిరనియు ప్రభుత్వమువారు ప్రకటించిరి. నాటినుండి పదిమంది చేరినచోట నొకటే మాట: మంచి యంత్రములు కొన్న చాలును, ఇక భయము లేదు. ఈ మాటను మేమంగీకరింపజాలము. యంత్రము కొన్నంతమాత్రమున సిపాయి సిద్ధపడడు.

ఎలక్ట్రానిక్ యుద్ధమనగా మూడు పనులు: శత్రువు రేడియో మాటలను పొంచి వినుట, హోరు పుట్టించి వానిని అడ్డుట, దొంగ సంకేతములతో దారి తప్పించుట. సిపాయి తన రేడియో మీట నొక్కినంతనే తన చోటు శత్రువునకు చెప్పుకొన్నట్లే. రెండు మూడు స్థలములనుండి ఆ తరంగము వచ్చు దిక్కును కొలిచి, గీతలు కలిసినచోట ఫిరంగి గుండు వేయుదురు. దారి తెలుపుటకు ఉపగ్రహములనుండి వచ్చు సంకేతము మిక్కిలి బలహీనము. చిన్న యంత్రమొకటి దానిని హోరులో ముంచివేయగలదు.

ఇది నేటి వింత కాదు. 1914 ఆగస్టులో టానెన్‌బర్గు యుద్ధమున రష్యా సేనలు తమ యాజ్ఞలను రహస్యలిపి లేకయే నిస్తంత్రిమూలమున పంపుకొనిరి. జర్మనులు వినిరి. 90,000 మందికి పైగా రష్యనులు బందీలైరి. నూరేండ్లు దాటినను ఆ పాఠము ఒంటబట్టలేదు. 2023 జనవరి 1వ తేదీ తొలి నిమిషములలో, రష్యా ఆక్రమణమందున్న ఉక్రెయిను పట్టణము మకీవ్కాలో, రష్యా సేన బసచేసిన భవనముపై రాకెట్లు పడెను. 89 మంది చనిపోయిరని రష్యా ఒప్పుకొని, నిషేధమును మీఱి సిపాయిలు సెల్‌ఫోనులు వాడుటయే ముఖ్యకారణమనెను. ఆ మాటకు రష్యనులే కొందఱు మండిపడిరి. అంతమందిని ఒక్క కట్టడములో నింపినదెవరు? నేర్పవలసినవారు నేర్పక, చచ్చినవానిపై నేరము మోపుట యే న్యాయము?

“ఇందులకు వేఱుగ సిగ్నల్సు దళము కలదు, హైదరాబాదులో 1961లో వెలసిన రక్షణ ఎలక్ట్రానిక్సు పరిశోధనాలయము ‘సంయుక్త’ వంటి సాధనముల నిర్మాణమున పాలుగొన్నది, పదాతికేల యీ చదువు?” అని కొందఱందురు. ఆ పరిశోధనాలయము మనకు గర్వకారణమే. కాని నిపుణుల దళము ప్రతి కందకములోను కూర్చుండదు. పైగా, 2024 నాటికి ఉక్రెయిను యుద్ధమున సన్నని గాజుతీగ వెంబడి నడచు డ్రోనులు దిగినవి. రేడియో నిరోధము వానిని తాకనైన తాకదు. అప్పుడు పొంచియుండ నేర్చిన సిపాయియే బ్రతుకును.

కావున ప్రతి సేనాభ్యాసమునందును ముందుగ చెప్పకయే రేడియోను, ఉపగ్రహ సంకేతమును అడ్డవలెను. పటము, దిక్సూచి, తంతి టెలిఫోను, వార్తాహరుడు, వీనితోనే రాత్రివేళ దండు నడుప నేర్పవలెను. క్లుప్తముగా పలికి వెంటనే చోటు మార్చుట అలవాటు చేయవలెను. పై యాజ్ఞ అందకున్నను, దాని ఉద్దేశమెఱిగి పనిచేయు స్వాతంత్ర్యమును హవల్దారున కీయవలెను. అన్ని రేడియోలును చక్కగా పలికిన అభ్యాసము కవాతే కాని యుద్ధవిద్య కాదు.

పాఠక మహాశయులారా! మీ పార్లమెంటు సభ్యుడు మీ యూరికి వచ్చినపుడు, ఎన్ని యంత్రములు కొంటిరని మాత్రము అడిగి ఊరకుండకుడు. ఎన్ని పటాలములు ఆ హోరులో నడచి చూచినవని యడుగుడు. సరిహద్దున కావలి కాయువారు మన పల్లెల బిడ్డలు. నేర్పుటకు ఇదియే సమయము. యుద్ధము వచ్చినపిమ్మట తీఱిక యుండదు.