ఇంటి వ్యవహారములు: చేతిఫోను దొంగపాలైననాడు

సోదరీమణులారా, ఈ మాసము ఊరగాయల ప్రస్తావనను ఒక ప్రక్కనుంచి, మీ చేతిసంచిలో నుండు ఫోనునుగూర్చి వ్రాయుచున్నాము. అందులకు కారణము మాకు పరిచితురాలగు నొక వృద్ధురాలి యనుభవము. ఆమె మొన్నటి పెండ్లిండ్ల దినములలో రాజమహేంద్రవరమునుండి కాకినాడకు రైలులో వచ్చుచుండెను. కిటికీ ప్రక్కన కూర్చుండి చెల్లెలితో మాటలాడుచుండగా, బండి యొక చిన్న స్టేషనునుండి కదలుచున్న సమయమున, ప్లాట్‌ఫారముమీది కుఱ్ఱవాడొకడు కిటికీ కమ్మీల నడుమ చేయి చొనిపి ఫోనును లాగికొని పోయెను. బండి వేగమందుకొనెను. చెవిదగ్గఱ నున్న చేయి చెవిదగ్గఱనే యుండిపోయినదని ఆమెయే మాతో చెప్పినది.

ఎదుట కూర్చున్న కాలేజీ పిల్ల వెంటనే తన ఫోను తీసి, “మామ్మగారూ, మీ అబ్బాయిగారి నంబరు చెప్పండి, ఇప్పుడే పిలుద్దాం” అనినది. ఆమెకు కుమారుని నంబరు రాదు. చెల్లెలి నంబరును రాదు. ముప్పది యేండ్ల క్రిందట తమ పొరుగింట నుండిన ఫోను నంబరు మాత్రము జ్ఞాపకమున్నది! “పోనీ, మీ గూగుల్ ఖాతా పాస్‌వర్డు చెప్పండి, ఫోనుకు ఇక్కడినుంచే తాళం వేసేస్తాను” అని ఆ పిల్ల మరల నడిగినది. అట్టి దొకటి కలదని ఆమెకు అప్పుడే తెలిసినది. ఫోను కొన్ననాడు కుమారుడు అమెరికానుండి వచ్చియుండి, అన్నియు తానే యమర్చి, “అమ్మా, నీకేమీ ఇబ్బంది లేకుండా చేశాను” అని చెప్పి వెళ్లెనట.

ఇంటికి చేరి మఱునాడు సిమ్ము కార్డు కొఱకు కంపెనీవారి దుకాణమునకు పోగా అసలు చిక్కు బయటపడినది. ఆ నంబరు అయిదేండ్ల క్రిందట గతించిన భర్తగారి పేరనే యున్నది. ఎవరిపేర నంబరున్నదో వారే గుర్తింపు పత్రముతో వచ్చి నకలు సిమ్ము తీసికొనవలయును. లేనిచో మరణ ధ్రువపత్రమును, బంధుత్వమును నిరూపించు కాగితములును తెచ్చి ముందుగా నంబరును తనపేర మార్పించుకొనవలయును. దుకాణమువారిని తప్పు పట్టజాలము. ఆ నియమమే లేకున్న, ఎవరైనను వచ్చి మన నంబరును పట్టుకొని పోవుదురు గదా! కాని ఆ కాగితములు కూడుకొనునప్పటికి పదునొకండు దినములు గడచినవి. దొంగ యా లోపల సిమ్మును వేఱొక ఫోనులో వేసి, ఆమె పేర వాట్సాప్ తెఱచి, చెల్లెలికి “అత్యవసరము, ఎనిమిది వేలు పంపుము” అని వ్రాసెను. చెల్లెలు పంపినది.

ఇది వ్రాయుట ఆమెను నిందించుటకు గాదు. మాలో నెందఱి ఫోను నంబరు ఎవరిపేర నున్నదో విచారించి చూడగా, మా పత్రికా కార్యాలయములోనే ఇరువురు తెల్లబోయిరి.

ఫోను పోయెననగా మనము పోగొట్టుకొను వస్తువులు నిజమునకు మూడు. ఒకటి వెలబెట్టి కొన్న యంత్రము. రెండవది అందులోని సిమ్ము. మూడవది ఫోటోలు, ఉత్తరములు, పరిచితుల నంబరులు భద్రపఱచిన గూగుల్ లేక యాపిల్ ఖాతా. ఫోను అద్దముమీద వ్రేలిముద్ర తాళముండుటచేత మూడును భద్రముగా నున్నవని మనము తలంతుము. ఆ తాళము యంత్రమునే కాచును. సిమ్మును పిన్నుతో గ్రుచ్చి వెలుపలికి తీసి వేఱొక ఫోనులో పెట్టిన యెడల, మనకు రావలసిన ఓటీపీలన్నియు నచటికే వచ్చును. కార్డు చివరి యంకెలును, గడువు తేదీయు, ఓటీపీయు నున్న అనేక బ్యాంకులలో యూపీఐ పిన్నును మార్చవచ్చును. కార్డు బొమ్మను ఫోటో తీసి ఫోనులోనో, ఎవరికో పంపిన సందేశములోనో ఉంచుకొను నలవాటు మనలో పెక్కుమందికి కలదు. దయచేసి ఈ సాయంకాలమే తుడిచివేయుడు.

సిమ్మునకు వేఱుగా నొక తాళము కలదు. సెట్టింగులలో సిమ్ లాక్ అను చోట దానిని పెట్టుకొనినచో, సిమ్ము ఏ ఫోనులో వేసినను ముందుగా పిన్ను నడుగును. అయితే ఒక జాగ్రత్త: మొదటి పిన్ను కంపెనీ కంపెనీకి వేఱుగా నుండును. దానిని కనుగొనిన పిమ్మటనే ప్రయత్నింపవలయును. మూడు సారులు తప్పు పిన్ను కొట్టిన సిమ్ము బిగిసిపోయి, పీయూకే అను మఱియొక సంఖ్య నడుగును. అదియు పదిమారులు తప్పినచో ఆ సిమ్ము ఇక పనికిరాదు. వాట్సాప్‌నకు సైతము ఆరంకెల రెండవ తాళము కలదు. అది యుండిన యెడల మా పెద్దామె చెల్లెలి ఎనిమిది వేలు దక్కియుండెడివి. తాళము వేసిన అద్దముమీదనే సందేశములు కనబడు నేర్పాటును గూడ తీసివేయుట మేలు. ఓటీపీ యంతయు పైననే మెఱయుచుండిన తాళ మెందులకు?

ఇక పోయిన వెంటనే చేయవలసిన పని. సిమ్మును ముందు నిలిపివేయింపవలయునా, ఫోనును ముందు వెదకవలయునా అని పలువురు సందేహింతురు. సిమ్ము ఆగిపోయినచో ఫోనునకు ఇంటర్నెట్టు అందదు. అందనిచో అది యెక్కడనున్నదో తెలియకపోవచ్చును, దూరమునుండి తాళము వేయ వీలుపడకపోవచ్చును. కావున ప్రక్కవారి ఫోను దొరికినచో మొదటి రెండు మూడు నిమిషములు తాళము వేయుటకే వినియోగింపుడు. ఆండ్రాయిడ్ ఫోనులకు గూగుల్ వారి ‘ఫైండ్ హబ్’, యాపిల్ ఫోనులకు ‘ఫైండ్ మై’ అనునవి యిందులకే యున్నవి. తాళముతోపాటు అద్దముమీద మఱియొక నంబరును వ్రాసియుంచవచ్చును. దొరకిననాడు మంచివారెవరైన పిలుతురు. తాళము పడినను పడకున్నను అంతటితో విడిచి, వెంటనే కంపెనీవారికి చెప్పి సిమ్మును, బ్యాంకులకు చెప్పి కార్డులను, యూపీఐని నిలిపివేయింపుడు. వెదకుచు గంటసేపు కూర్చుండుట తగదు. బ్యాంకునకు మీరు తెలిపిన పిమ్మట జరిగిన నష్టము బ్యాంకుదే యని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తరువు చేసియున్నది. తెలిపిన వేళను, వారిచ్చిన ఫిర్యాదు సంఖ్యను ఒక కాగితముమీద వ్రాసికొనుడు. ధనము పోయినట్లు తెలిసినచో 1930 నంబరునకు తక్షణము పిలువవలయును.

ఇచట నొక గిరికీ యున్నది. ప్రక్కవారి ఫోనునుండి మన గూగుల్ ఖాతాలో ప్రవేశింపబోగా, “ఇది మీరేనా?” యని గూగుల్ మన ఫోనునే యడుగవచ్చును, ఆ ఫోను దొంగ చేతిలో నున్నది! ఇందుకుగాను ముందుగనే పది యత్యవసర సంకేతములను ఖాతానుండి తీసి, ముద్రించి దాచుకొను వీలు కలదు. ఒక్కొక్కటి ఒక్కసారికి మాత్రము పనిచేయును. పాస్‌వర్డు జ్ఞాపకముండనివారికి 2024లో ఆండ్రాయిడ్ వారు ‘రిమోట్ లాక్’ అను నుపాయమును చేర్చిరి. ముందుగా దానిని తెఱచియుంచినచో, తన ఫోను నంబరు తెలిసిన చాలును, ఎవరి ఫోనునుండియైనను తాళము వేయవచ్చును. ఫోనును లాగికొని పరుగిడిన కదలికను తానే గుర్తించి మూసికొను నేర్పాటును ఆ యేటనే వచ్చినది. యాపిల్ ఫోనులలో 2024 జనవరినుండి యున్న దొంగతనపు రక్షణను తెఱచియుంచినచో, ఇంటికి దూరమున నున్నప్పుడు ముఖమో వ్రేలిముద్రయో లేనిదే ముఖ్యమైన మార్పులు సాగవు. పాస్‌వర్డు మార్చుటకైతే ఒక గంట వేచియుండవలసి వచ్చును.

పటములో ఫోను ఫలానా వీథిలో నున్నట్లు కనబడినదనుకొందము. మీరు గాని, మీ యింటి మగవారు గాని అచటికి పోరాదు. అయిదంతస్తుల మేడలో ఏ యంతస్తో ఆ చుక్క చెప్పజాలదు. చెప్పినను తలుపు తీయువా డెట్టివాడో తెలియదు. పటమును బొమ్మగా తీసి పోలీసువారికి చూపుడు. ఫోనులోని దంతయు తుడిచివేయుటకును తొందరపడవలదు. ఆండ్రాయిడ్ ఫోనును తుడిచిన పిమ్మట ఆ పటములో అది మరల కనబడదు.

పోలీసు స్టేషనులో మొహమాటపడవలదు. లాగికొని పోయినదానిని “పోయినది” అని వ్రాసి యిమ్మనినచో, జరిగినది జరిగినట్లే వ్రాసెదనని నెమ్మదిగా చెప్పుడు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో లాగికొనిపోవుట ప్రత్యేక నేరముగా 304వ సెక్షనులో చేరినది. నేరము వేఱొక స్టేషను హద్దులో జరిగినను ఫిర్యాదు తీసికొనవలయునని, దాని నకలును వెలలేకుండ ఇయ్యవలయునని నూతన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెప్పుచున్నది. కదలుచున్న రైలులో దోపిడికి గురియైనవారికి ఇది యెంత యుపకారమో చెప్పనక్కఱలేదు.

ఆ నకలుతో చేయవలసిన ముఖ్యమైన పని సీఈఐఆర్ అను కేంద్ర పట్టికలో ఫోనును మూయించుట. ఇది 2019లో మొదట మహారాష్ట్రమున, పిదప ఢిల్లీలో ఆరంభమైనది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ పోలీసువారు చేపట్టిరి. ఆ మే నెలలో దేశమంతటికి వ్యాపించినది. ప్రతి ఫోనునకు పదునైదంకెల ఐఎంఈఐ సంఖ్య యుండును. రెండు సిమ్ముల ఫోనునకు రెండు. ‘సంచార్ సాథీ’లో ఆ సంఖ్యను, పోలీసు ఫిర్యాదును, కొన్న రసీదును, గుర్తింపు పత్రమును చేర్చి కోరినచో, దేశమునందలి యే కంపెనీ సిమ్ము వేసినను ఆ ఫోను పనిచేయకుండ చేయుదురు. మూసివేసిన పిమ్మట పోలీసులు పట్టుకొనజాలరేమోయని భయపడవలదు. దొంగ కొత్త సిమ్ము వేసిన సమాచారము వారికి చేరుచునే యుండును. నకలు సిమ్ము తీసికొనిన తరువాత ఒక దినము సందేశములు రాకపోవచ్చును. ఓటీపీ రాలేదని కంగారుపడక వేచియుండుడు. వారిచ్చు కోరిక సంఖ్యను దాచుకొనవలయును. ఫోను దొరకిననాడు తెఱపించుటకు అదియే ఆధారము.

ఐఎంఈఐ తెలియుటకు స్టార్, హాష్, సున్న, ఆరు, హాష్ అని నొక్కుడు, తెరమీద వచ్చును. పాల లెక్క పుస్తకములోనైనను వ్రాసికొనుడు. దానిని ఫోనులోనే దాచుకొనువారు బీరువా తాళపుచెవిని బీరువాలో పెట్టి మూసిన బుద్ధిమంతులు.

కొన్ని దినములకు మీ క్రొత్త నంబరునకో, బంధువులకో “మీ ఫోను దొరకినది, ఇచట నొక్కి చూచుకొనుడు” అని సందేశము రావచ్చును. అది తఱచుగా దొంగ పంపునదే. తాళము విడనిదే ఫోనునకు వెల రాదు గనుక పాస్‌వర్డును మన చేతనే చెప్పించుకొనుటకు పన్నిన యెత్తు. ఖాతాలోని పరికరముల పట్టికనుండి ఆ ఫోనును తీసివేయుమని ఎవరు చెప్పినను తీసివేయకుడు.

మా పెద్దామె కథకు తిరిగి వత్తము. ఫోను దొరకలేదు. నంబరు ఇప్పు డామె పేర నున్నది. కాని ఆమె మిక్కిలి దుఃఖించినది వేఱొకందులకు. భర్తగారు ఆస్పత్రినుండి తన స్వరముతో పంపిన చిన్న చిన్న సందేశములు వాట్సాప్‌లో నుండెను. నంబరు తిరిగి వచ్చిన పిమ్మట పాత నకలునుండి వానిని రప్పింపవచ్చునని ఆ కాలేజీ పిల్ల చెప్పినది. కాని నకలు ఏ ఖాతాలో నున్నదో, అసలు తీయబడినదో లేదో కుమారునికే జ్ఞాపకము లేకపోయెను. రెండు రాత్రులు అతడు అమెరికాలో మేలుకొని తనకు తోచిన పాస్‌వర్డులన్నియు వేసి చూచెను. తెఱచుకొనలేదు. “వాడు నాకోసమే చేశాడమ్మా, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యలేదు, అంతే” అని ఆమె మాతో ననినది.

కుమారులు, అల్లుండ్రు, మనుమలు శ్రద్ధతోనే చేయుదురు. వారు చేయునపుడు ప్రక్కన కూర్చుండి, పాస్‌వర్డును మన చేతితో మన మాటలతో పెట్టుకొని, మన పుస్తకములో వ్రాసికొనుటకు పట్టునది పావుగంట. నంబరు ఎవరిపేర నున్నదో నేడే విచారింపుడు. సంచార్ సాథీలో తన పేర నెన్ని నంబరులున్నవో చూచుకొను వీలును కలదు. ఇంటిలో ఇరువురి నంబరులైనను కంఠస్థము చేయుడు.

క్రొత్త ఫోను కొన శక్తిలేక వాడిన ఫోనును తీసికొనదలచువారికి ఒక మాట. మూయబడిన దొంగ ఫోనులు, సంఖ్య మార్చిన ఫోనులు అంగళ్లలోనికి వచ్చుచుండును. ఐఎంఈఐని మార్చుట 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము ప్రకారము మూడేండ్ల వఱకు చెఱ, యేబది లక్షల వఱకు జుల్మానా గల నేరము. అయినను మార్చువారు మార్చుచునే యున్నారు. వెల చెల్లించుటకు పూర్వము కే, వై, ఎం అను మూడు ఇంగ్లీషు అక్షరములను, కొంత యెడము విడిచి ఆ పదునైదంకెలను వ్రాసి 14422కు సందేశము పంపుడు. నల్లపట్టికలో నున్నదనియో, ఆ సంఖ్య వేఱొకచోట నుపయోగములో నున్నదనియో బదులు వచ్చినచో, ఎంత చవుక యైనను ఆ ఫోనును అంగడివానికే విడిచి రండు.